అల్లుడు ఉతికిన పొత్తిగుడ్డలు

ఆస్టినాబాద్, పోర్ట్ బ్లెయిర్
జూన్ మొదటి వారం

చిరంజీవి ఉమేష్‌కు,

అత్త చిన్నమ్మి ఆశీస్సులు. ఫోనులో నువ్వు చెప్పేది నా చెవికి సగమే అందుతోంది. మిగతా సగం రంగత్ సిగ్నల్ దగ్గరే ఆగిపోతోంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీ రంగత్ బస్సులో కండక్టరుగా తిరిగే జోగులు మా వీధివాడే. ఉత్తరం నీ కుట్టు దుకాణంలో ఇచ్చి, జవాబు పట్టుకు రమ్మన్నాను.

స్వాతి ఓడ ఎక్కింది. నర్సు ఉద్యోగం వచ్చిందని సంతోషించేలోపే క్యాంప్‌బెల్ బే పోస్టింగ్ అన్నారు. మన ద్వీపాల్లో అంతకన్నా కిందికి ఊరే లేదు. క్వార్టర్ ఇచ్చేదాకా హాస్టల్లో ఉండాలట, అక్కడ పసిబిడ్డకి చోటు లేదట. సరే, వెళ్ళింది. దాన్ని నేను ఆపలేదు. కానీ ఏడో నెల పిల్లని నా దగ్గర కాకుండా నీ దగ్గర వదిలి వెళ్ళడం నాకు మింగుడు పడడం లేదు.

కోపం తెచ్చుకోకు బాబూ. నువ్వు మంచివాడివే. మిషన్ మీద కూర్చుంటే తల ఎత్తవు, ఎవరి జోలికీ పోవు. కానీ పిల్లని పెంచడం వేరు. దానికి తోడు పాకెట్ డైపర్లు మానేసి గుడ్డలే కడతానని స్వాతితో అన్నావట. కట్టడం ఎవరైనా కడతారు. ఉతికేది ఎవరు? వాన పట్టుకుందంటే నీ చొక్కాయే ఆరదు, రోజంతా పిల్ల తడిపే గుడ్డలు ఎక్కడ ఆరేస్తావు? మీ మామగారు బతికున్నన్నాళ్ళూ పొత్తిగుడ్డ చూస్తే ముక్కు మూసుకుని వీధిలోకి నడిచేవారు. మగవాళ్ళ సంగతి నాకు కొత్త కాదు.

ఈ ఆదివారం సుమని తీసుకొచ్చి నా దగ్గర వదిలి వెళ్ళు. స్వాతి తిరిగొచ్చాక తీసుకుపోదువుగాని. అందరికీ అదే మంచిది.

నీ మేలు కోరే
అత్త


రంగత్ బజార్
జూన్

పూజ్యులైన అత్తయ్యకు,

ఉమేష్ నమస్కారాలు. మీ ఉత్తరం జోగులు భయ్యా నేరుగా మిషన్ మీద పెట్టి వెళ్ళాడు. తెలుగులో ఉత్తరం రాసి ఎన్నో ఏళ్ళయింది. మా అమ్మ పట్టుబట్టి నేర్పిన అక్షరాలివి. తప్పులుంటే దిద్ది చదువుకోండి.

సుమని పంపలేను అత్తయ్యా. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ తేలిక. మీరు పెంచలేరని కాదు. స్వాతి వెళ్ళడంతో దాన్ని ఎత్తుకునే చేతులు ఇప్పటికే ఒకసారి మారాయి. మళ్ళీ ఇల్లు, మనుషులు, పాలు పట్టే చేయి అన్నీ ఒక్కసారి మారితే అది బెంగపెట్టుకుంటుంది. నా దుకాణం ఇంటి ముందు గదే కదా. మిషన్ వెనక ఉయ్యాల కట్టాను. చక్రం చప్పుడుకి అలవాటుపడింది, ఆపితేనే లేస్తోంది.

గుడ్డల సంగతి. ఓడ ఆలస్యమైతే రంగత్ దుకాణాల్లో పాకెట్ డైపర్లు ఉండవు. ఉన్నప్పుడు కూడా, అవి వేసిన రోజుల్లో పిల్ల తొడల దగ్గర ఎర్రగా గీతలు పడేవి. అన్నిటికన్నా, వాడేసినవి ఎక్కడ పారెయ్యాలి? ఇంటి వెనక గొయ్యి తీసి పూడిస్తే కుక్కలు తవ్వి తెచ్చి నా దుకాణం ముందే పరిచాయి. యూనిఫారం కొలతలివ్వడానికి వచ్చిన టీచరమ్మ వాటిని దాటుకుని లోపలికి రావలసి వచ్చింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

నేను టైలర్ని. ఫ్లానెల్ ఉంది, పాత నూలు లుంగీలు ఉన్నాయి, టర్కీ టవళ్ళు ఉన్నాయి. టవల్ ముక్కని మధ్యలో పెట్టి, ఒంటికి తగిలేవైపు ఫ్లానెల్ వేసి, నడుముకీ తొడలకీ మెత్తని ఎలాస్టిక్ కుట్టాను. పక్కలకి టిచ్ బటన్లు. పిల్ల ఒళ్ళు చేస్తే బటన్ ఒకటి వదులు చేస్తే చాలు. పైన వేసే నీరు దిగని కవర్లకి చెన్నై నుంచి గుడ్డ తెప్పించాను. దొడ్డికి వెళ్తే ముందు దాన్ని లెట్రిన్లో దులిపి, చన్నీళ్ళతో జాడించి, అప్పుడే సబ్బు పెడుతున్నాను. వేడినీళ్ళు ముందే పోస్తే మరక పట్టేస్తుందని చొక్కాల దగ్గర నేర్చుకున్నదే.

మామగారి గురించి మీరు రాసింది చదివాను. నేను ముక్కు మూసుకోవడం లేదు. వాసన నిజమే, పిల్ల నాదే.

మీ అల్లుడు
ఉమేష్


ఆస్టినాబాద్
జూన్ ఆఖరు

ఉమేష్‌కు,

పంపవన్నమాట. సరే.

పంపనివాడికి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. బిడ్డ గుడ్డలకి వేరే బకెట్ పెట్టు. నీ బట్టలతో కలపకు. సబ్బు బాగా పట్టించు, పిసినారితనం చూపించకు. వారానికోసారి అన్నీ కలిపి పొయ్యి మీద ఉడకబెట్టు. స్నానం కాగానే మొలకి కొబ్బరినూనె దట్టంగా రాసి అప్పుడు గుడ్డ కట్టు. స్వాతిని నేను అలాగే పెంచాను, ఒక్క పొక్కు లేచింది లేదు. తడిసిన గుడ్డ ఒంటిమీద ఉండనివ్వకు. నిద్రపోతోంది కదా అని ఊరుకునేది మగాళ్ళే.

నీ టిచ్ బటన్లూ ఎలాస్టిక్కూ నాకు అర్థం కాలేదు. నాలుగు మడతలు వేసి ముడి వేస్తే సరిపోయేది మాకు. అయినా కుట్టేవాడివి, కుట్టుకో.

వాన ఇక్కడ మొదలైంది. అక్కడా మొదలయ్యే ఉంటుంది. నేను చెప్పాను అని మాత్రం గుర్తుపెట్టుకో.

అత్త


రంగత్ బజార్
జూలై

పూజ్యులైన అత్తయ్యకు,

వాన మొదలైంది. మీరు చెప్పినట్టే ఆకాశం దిగిపోయినట్టుంది. అయినా సుమ పొడిగానే ఉంది.

దుకాణంలో ఈ గోడ నుంచి ఆ గోడకి నైలాన్ తాళ్ళు కట్టాను. ఫ్యాను కింద రాత్రంతా వేలాడతాయి. పొద్దున్న కొంచెం చెమ్మ మిగిలితే ఇస్త్రీ పెట్టె ఉండనే ఉంది. యూనిఫారాలకి వేడెక్కిస్తాను, అదే వేడి మీద గుడ్డలూ అయిపోతాయి. ఎండ తొంగి చూస్తే చాలు, మిషన్ వదిలేసి అన్నీ ఎత్తుకుని బయటికి పరిగెడుతున్నాను. ఎండకి ఆరిన గుడ్డ తెల్లదనమే వేరు. బావి బురదగా మారితే రేకుల కింద డ్రమ్ము పెట్టాను. ఉతకడానికి వాన నీళ్ళు కావలసినన్ని. సబ్బు దగ్గర మీ మాట తప్పలేదు, నురగ బకెట్ దాటి పొర్లుతోంది. నూనె కూడా రాస్తున్నాను.

ఉడకబెట్టడం దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. అన్నీ కలిపి అన్నారని పైకవర్లు కూడా వేసేశాను. లోపలి గుడ్డలు పాలలా వచ్చాయి, కవర్లు మాత్రం వేయించిన అప్పడాల్లా ముడుచుకుపోయాయి. మళ్ళీ కుట్టుకున్నాను. తప్పు మీది కాదు, మీ రోజుల్లో ఈ కవర్ గుడ్డ లేదు.

బజార్లో నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. మొన్న ప్యాంటు తీసుకోవడానికి వచ్చినాయన తాళ్ళ వైపు చూసి, "క్యా ఉమేష్, టైలర్ షాపా, ధోబీ ఘాటా?" అన్నాడు. రెండూ అని చెప్పి ప్యాంటు చేతికిచ్చాను. పక్కింటి లక్ష్మీకుమారి దీదీ నవ్వలేదు. గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి తన మనవడికి కూడా కుట్టమంది. ఇప్పుడు ఆవిడ చెప్పగా ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు. కొత్త గుడ్డ మొదట్లో నీరు సరిగ్గా పీల్చదు, కొన్నిసార్లు ఉతికాకే వాడండి అని నేనే పాఠం చెబుతున్నాను.

పాప బాగుంది. బోర్లా పడి పాకడానికి చూస్తోంది.

మీ అల్లుడు
ఉమేష్


ఆస్టినాబాద్
జూలై ఆఖరు

ఉమేష్‌కు,

పాప బాగుంది అని రాశావు. జోగులు చూసి వచ్చాడు. నీ దుకాణంలో ఉత్తరం కోసం నిలబడితే పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోందట. గుడ్డ విప్పితే తొడలు, మొల, వెనక అంతా ఎర్రగా పుండులా ఉందట. నువ్వు వాడిని చూసి గుడ్డ కప్పేశావట. ఎందుకు కప్పావు? నేను చూస్తాననా?

నాకు రాసిందంతా నీ తాళ్ళ గురించీ, నీ ఇస్త్రీ పెట్టె గురించీ. పిల్ల ఒంటి గురించి ఒక్క ముక్క నిజం లేదు.

నేను చెయ్యవలసింది చేశాను. ఎదురింటి పిల్ల కళ చేత ఫోనులో స్వాతికి చెప్పించాను. రాజీనామా రాసిచ్చి మొదటి ఓడ ఎక్కమన్నాను. బిడ్డ అలా ఉంటే తల్లికి ఉద్యోగం ఏమిటి? అది ఏడ్చింది. ఏడవనీ. వచ్చేస్తుంది.

అది వచ్చేలోగా పిల్లని నా దగ్గరికి చేర్చు. ఈసారి అడగడం లేదు.

చిన్నమ్మి


రంగత్ బజార్
ఆగస్టు

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి చాలాసేపు మిషన్ తొక్కలేకపోయాను. కోపంతో జవాబు రాస్తే బాగుండదని పొద్దున్నదాకా ఆగాను.

జోగులు భయ్యా చూసింది నిజం. మొదట చెమటకాయలనుకున్నాను, తగ్గిపోయాక మీకు చెబుదామనుకున్నాను. తగ్గలేదు. మీకు ఉత్తరం రాసే రోజుకే ఉంది. చెబితే పిల్లని తీసుకుపోతారని చెప్పలేదు. అంతే.

ఆ మర్నాడే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పూతమందు ఇచ్చింది, వీలైనంతసేపు గుడ్డ లేకుండా గాలి తగలనివ్వమంది. నేను సిగ్గుపడుతూ, గుడ్డలు మానేయాలా అని అడిగాను. ఆవిడ నా చేతిలో గుడ్డ తీసుకుని వాసన చూసింది. "కప్డా అచ్ఛా హై. దీంట్లో ఏం మిగిలిపోతోందో అది చూసుకోండి" అంది.

ఇంటికొచ్చి, ఉతికి ఆరేసిన గుడ్డనే తీసి శుభ్రమైన నీళ్ళలో పిసికాను. నురగ వచ్చింది అత్తయ్యా. జాడించి మళ్ళీ పిసికితే మళ్ళీ నురగ. అప్పుడు తెలిసింది. బావి నీళ్ళకి వేసినంత సబ్బే వాన నీళ్ళకీ వేస్తున్నాను. వాన నీరు మెత్తన. దానికి కొంచెం సబ్బే ఎక్కువ, ఎక్కువైందో గుడ్డని వదిలిపోదు. ఆ సబ్బు మీద పిల్ల తడిపినప్పుడల్లా అది ఒంటిని మండించింది. ఇంకోటి కూడా చూశాను. గుడ్డ మీద చుక్క నీళ్ళు వేస్తే చామాకు మీద బొట్టులా నిలబడింది. అది నూనె. రాసిన నూనె గుడ్డకి పట్టి, గుడ్డ నీరు తాగడం మానేసింది. తడంతా ఒంటికే. మీ నాలుగు మడతల పాత చీరని మీరు రోజూ ఎండలో వేసేవారు, కవర్ వేసేవారు కాదు. మీకు నూనె పనికొచ్చింది. నా కుట్టుకి పనికిరాలేదు.

అన్ని గుడ్డలూ పెద్ద డేక్సాలో వేడినీళ్ళలో నానబెట్టి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాను. వీపు పట్టేసింది. లక్ష్మీకుమారి దీదీ పిల్లని ఎత్తుకుంది. తాళ్ళ మీద వేసేటప్పుడు నీటి చుక్క వేసి చూశాను, గుడ్డ గటగటా తాగేసింది. ఈ ఉత్తరం రాసేనాటికి సుమ ఒళ్ళు కొత్త చర్మం వేసింది. ఏడవడం లేదు. జోగులు భయ్యాని నేనే పిలిచి చూపించాను. ఈసారి కప్పలేదు.

ఇక స్వాతి. మీరు చెప్పిన సాయంత్రమే ఫోన్ చేసింది. పాపని చూపించమంది. చూపించాను. నర్సు కదా, దగ్గరగా పెట్టమని చాలాసేపు చూసింది. తర్వాత అంది, "ఇది తగ్గేదే. తగ్గించు. కానీ మళ్ళీ నా దగ్గర దాచావంటే ఊరుకోను."

దాచనన్నాను. అప్పుడు చెప్పింది, ఆ వారం వానలో పడవ మీద తీసుకొచ్చిన ఒక నికోబారీ తల్లికి కాన్పు చేశారట, బిడ్డని తన చేతుల్లోకే అందుకుందట. "అమ్మ రమ్మంటే నేను రాను. నువ్వు రమ్మంటే వస్తాను. అంటావా?" అంది.

"అనను. నీ పని నువ్వు చెయ్యి, ఇక్కడ నా పని నేను చేస్తాను" అన్నాను.

అత్తయ్యా, మీరు నన్ను ఎన్నైనా అనండి, పడతాను. స్వాతిని మాత్రం ఆ మాట మళ్ళీ అడగకండి. అది ఏడిస్తే ఏడవనీ అని రాశారు. నాకు ఆ వాక్యం నచ్చలేదు.

ఒక్కటి అడుగుతాను. పోయిన ఉత్తరం అక్షరాలు మీవి కావు. గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టున్నాయి. జోగులు భయ్యాని అడిగితే ముఖం తిప్పుకుని, "చాచీ చెయ్యి కట్టు కట్టి ఉన్నాది భయ్యా, చెప్పొద్దన్నాది" అన్నాడు. ఏమైంది?

ఉమేష్


ఆస్టినాబాద్
ఆగస్టు

బాబూ ఉమేష్,

ఇది కూడా కళ చేతే రాయిస్తున్నాను. దీనికి తెలుగు మాట్లాడడం వచ్చినంతగా రాయడం రాదు. ఒక్కో మాటా రెండుసార్లు చెప్పించుకుంటోంది. అందుకే ఆలోచించి చెబుతున్నాను.

కుడి మణికట్టు విరిగింది. పెరట్లో బండ మీద పాచి పట్టింది, జారాను. ఎందుకు వెళ్ళావు బండ దగ్గరికి అని అడుగుతావు. నా పాత నూలు చీరలు చింపి, ఉతికి, పొత్తిగుడ్డలు చేసి పెడదామని వెళ్ళాను. నువ్వు పిల్లని పంపుతావనే అనుకున్నాను. వచ్చేటప్పటికి సిద్ధంగా ఉండాలి కదా. పడ్డాక మీకు చెప్పలేదు. చెబితే చెయ్యి విరిగినదాని దగ్గరికి పిల్లని ఎవరు పంపుతారు? నువ్వు దాచినదీ నేను దాచినదీ ఒకందుకే.

నీ ఉత్తరం కళ రెండుసార్లు చదివింది. నూనె సంగతి దగ్గర నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చామాకు మీద బొట్టు అన్నావు చూడు, అది నిజమే. నా రోజుల్లో నూనె గుడ్డలు ఎండలో కాగేవి.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. స్వాతికే సరిగ్గా తెలియదు. అది తొమ్మిది నెలల పిల్లగా ఉండగా నాకు ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగమే. తెల్ల చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. కాన్పు గదిలో పని నాకు ఇష్టంగా ఉండేది. మీ మామగారు ఓడ మీద ఖలాసీ, ఇంటికి వచ్చిన రోజుల్లో కూడా పిల్ల తడిపితే నన్ను కేకేసేవారు. నేను డ్యూటీలో ఉంటే ఆ తడిలోనే వదిలేసేవారు. ఒకరోజు వచ్చి చూస్తే నీ కూతురికి లేచినట్టే లేచింది. మర్నాడు వెళ్ళి ఉద్యోగం వదిలి వచ్చేశాను. వదులుకోవలసింది తల్లి ఒక్కతే, లోకం అంతే అనుకున్నాను. అలా అనుకోకపోతే ఆ పని వదిలినందుకు నాకు ఏడుపొచ్చేది.

నువ్వు అనను అన్నావట స్వాతితో. ఆ మాట దగ్గర కళని ఆపమన్నాను. ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదవమన్నాను.

స్వాతికి ఫోను చేయించాను. రాజీనామా మాట ఇక నా నోట రాదని చెప్పాను. కళ అరిచి అరిచి దాని జవాబు నా చెవిలో చెప్పింది. బిడ్డని అందుకున్న కథ నాకూ చెప్పమన్నాను. చెప్పింది.

పిల్లని పంపొద్దు. నీ దగ్గరే ఉంచు.

అత్త


రంగత్ బజార్
ఆగస్టు

పూజ్యులైన అత్తయ్యకు,

పిల్లని పంపను, మీరే రండి.

శనివారం బస్సులో ముందు సీటు జోగులు భయ్యా ఆపి ఉంచుతాడు. బారాటాంగ్ జెట్టీ దగ్గర బస్సుని దాటించే పంటు కోసం దిగి ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. చెయ్యి నయమయ్యేదాకా ఇక్కడే ఉండండి. మీ జడ లక్ష్మీకుమారి దీదీ వేస్తుంది, అన్నం నేను కలిపి పెడతాను. పాత చీర ముక్కలు ఉంటే అన్నీ తీసుకురండి. లోపలి పొరకి అంతకన్నా మెత్తని గుడ్డ రంగత్ బజారంతా వెతికినా దొరకదు. నాకు నిజంగానే కావాలి.

శాలువా కప్పుకుని రండి, దారంతా వానే.

ఉమేష్


ఆస్టినాబాద్
అక్టోబరు

చిరంజీవి ఉమేష్‌కు,

అత్త ఆశీస్సులు. చూశావా, నా అక్షరాలే. కొంచెం వంకర పోతున్నాయి గానీ నావే. క్షేమంగా చేరాను. ఇల్లు తెరిస్తే బూజు వాసన, రోజంతా దులుపుకున్నాను. వీధిలో అందరూ రంగత్ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చూసింది నీ దుకాణం, తాళ్ళు, డ్రమ్మూనూ. అదే చెబుతున్నాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నేను బస్సు దిగి చేతులు చాస్తే సుమ నీ భుజంలో ముఖం దాచుకుంది. నా మనసు చివుక్కుమంది. నువ్వు దాన్ని నా మీదికి తొయ్యలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆరిన గుడ్డలు ఒళ్ళో పోశావు. ఒంటి చేత్తో మడతలు వెయ్యడం నాకు రాలేదు. అది పాక్కుంటూ వచ్చి నా మడతలన్నీ లాగేసింది. వేశాను, లాగింది, మళ్ళీ వేశాను. సాయంత్రానికి నా ఒళ్ళో ఎక్కింది. ఎవరూ తొయ్యకుండా ఎక్కింది కాబట్టే ఆ ఎక్కడం దానిది అయింది.

నువ్వు ఉతకడం చూశాను బాబూ. మొదటి రోజు చూడలేకపోయాను, లేచి లోపలికి వెళ్ళాను. నువ్వు కించపడతావేమో అనిపించింది. నువ్వు యూనిఫారం కాలరు ఎలా కుడతావో అలాగే ఉతుకుతున్నావు. ఆఖరి నీళ్ళు దోసిట్లోకి తీసి నురగ ఉందా అని వెలుగులో చూస్తావు చూడు, అది చూశాక నాకు అనుమానం పోయింది. ఆ ప్యాంటాయన మళ్ళీ వచ్చి ధోబీ ఘాట్ అన్నప్పుడు నేను అన్నది తప్పేమీ కాదు. "నీ పిల్లల గుడ్డలు ఎవరు ఉతికినారు బాబూ? వాళ్ళకి ఎప్పుడైనా దండం పెట్టినావా?" అన్నాను. నాకు చెవుడు కాబట్టి అతని జవాబు వినపడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. స్వాతికి క్వార్టర్ ఇచ్చారు, పోస్టింగ్ మాత్రం ఇంకో రెండేళ్ళు అక్కడే. ఆ కబురు నేను మీ దగ్గర ఉండగానే వచ్చింది. నా మనసులో ఏముందో చెబుతాను. నీ గుడ్డల పని నాకూ ఇప్పుడు వచ్చు కదా, సుమని నాకే వదిలి నువ్వు స్వాతి దగ్గరికి వెళ్ళి వస్తూ ఉండమందామని నోటిదాకా వచ్చింది. బస్సెక్కేముందు కూడా అందామనుకున్నాను. బారాటాంగ్ దగ్గర బస్సు పంటు మీదికి ఎక్కేదాకా నిలబడ్డాను. నా ముందు ఒక తల్లి బిడ్డకి గుడ్డ మారుస్తోంది. తండ్రి గొడుగు పట్టుకున్నాడు. అంతే చూశాను. వాళ్ళలాగే మీ ముగ్గురూ ఒకచోట ఉండాలనిపించింది.

మిషన్ విప్పి పెట్టెలో కట్టు. పిల్లని తీసుకుని ఓడ ఎక్కు. క్యాంప్‌బెల్ బేలోనూ పిల్లలు బడికి వెళతారు, వాళ్ళకీ యూనిఫారాలు కావాలి. అక్కడా పసిపిల్లలు తడుపుతారు. దుకాణం లక్ష్మీకుమారి తమ్ముడికి అద్దెకివ్వు. నేను ఒంటరినవుతానని నువ్వు ఆగితే నేను ఒప్పుకోను. నాకు కళ ఉంది, వీధి ఉంది, చెయ్యి నయమైంది. మే నెలలో సముద్రం బాగున్నప్పుడు నేనే వస్తాను.

ఓడ మీద రెండు మూడు రోజులు కదా, ఆ రోజులకైనా పాకెట్లు కొనమని కళ అంటోంది. నువ్వు వినవని చెప్పాను.

అత్త


క్యాంప్‌బెల్ బే
నవంబరు

పూజ్యులైన అత్తయ్యకు,

క్షేమంగా చేరాం. ఈ ఉత్తరం వెనక్కి వెళ్ళే ఓడలోనే వస్తోంది.

పోర్ట్ బ్లెయిర్ జెట్టీ దగ్గర మీరు ఇచ్చిన సంచీలో చీరముక్కలన్నీ ఓడ మీద పనికొచ్చాయి. కళ మాట సగం విన్నాను. ఒక పాకెట్ కొని పెట్టుకున్నాను, సముద్రం బాగా ఊగిన పూట రెండు వాడాను కూడా. నాకు వాంతులు, పిల్లకి హుషారు. మిగతా అంతా గుడ్డలే. తడిసినవి కవర్ గుడ్డతో కుట్టిన సంచీలో వేసి జిప్పు లాగితే మేం పడుకునే బంకు పక్కనే ఉన్నా వాసన తెలియలేదు. పక్క బంకులో కామోర్తా వెళ్ళే ముసలాయన, "బచ్చా ఎప్పుడూ పొడిగా ఉంటాది, ఏం మందు వేస్తున్నావు?" అని అడిగాడు. ఓడ ఆగినప్పుడు మంచినీళ్ళతో జాడించి డెక్ రెయిలింగుకి కట్టేశాను. ఓడ మీది గాలికి ఎంత తొందరగా ఆరాయో. ఖలాసీ ఒకతను వచ్చి తీసెయ్యమంటాడనుకున్నాను. వచ్చాడు, ముడులు వదులుగా ఉన్నాయని గట్టిగా కట్టి వెళ్ళాడు. మామగారు గుర్తొచ్చారు. మీకు కూడా ఈ సంగతి నచ్చుతుందని రాస్తున్నాను.

స్వాతి జెట్టీ చివరదాకా వచ్చి నిలబడింది. చిక్కింది. సుమ దాన్ని చూసి, మీరు వచ్చినప్పటిలాగే నా భుజంలో ముఖం దాచుకుంది. స్వాతి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఫోనులో రోజూ చూసే అమ్మ కదా, వెంటనే వెళ్ళిపోతుందనుకున్నాను. ఫోనులో అమ్మకి వాసన ఉండదు, ఒళ్ళు ఉండదు. స్వాతి చేతులు దించుకుని, "రానీలే, దానికి తోచినప్పుడు వస్తుంది" అని మిషన్ పెట్టె ఒక వైపు పట్టుకుంది. క్వార్టర్ దాకా ఇద్దరం మోసుకుంటూ వెళ్ళాం. దారిలో స్వాతి నా భుజం మీది సుమ వైపు కాక పెట్టె వైపే చూస్తూ నడిచింది.

ఆ రోజంతా సుమ నన్ను వదల్లేదు. నేను వంట దగ్గర ఉంటే కాళ్ళు పట్టుకుంది. స్వాతి దూరం నుంచే ఆడించింది, పాట పాడింది. మీ దగ్గర నేర్చుకున్నది నేను చెప్పాను, ఒళ్ళోకి లాగకు, గుడ్డలు మడత పెడుతూ కూర్చో అని. అలాగే కూర్చుంది. సుమ ఒక గుడ్డ లాగి, తెచ్చి నాకే ఇచ్చింది.

తెల్లవారాక నేను ఓడ సంచీ విప్పి బకెట్ తీసుకుని వాన నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. స్వాతి వెనకే వచ్చింది. డ్యూటీకి వెళ్ళాలి, యూనిఫారం చీర తడుస్తుందని చెప్పాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బండ మీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నువ్వు ఉతికినావు. ఈవేళ నన్ను ఉతకనీ" అంది.

సబ్బు తక్కువ వెయ్యి, ఇక్కడా వాన నీళ్ళే అన్నాను. తెలుసులే అంది. మీ చీరముక్క ఒకటి చేతికి వస్తే గుర్తుపట్టింది, ఆ నీలం అంచు చీర కట్టుకునే మీరు దాన్ని బడిలో దింపేవారట. ఆ ముక్కని రెండుసార్లు జాడించింది. నీళ్ళ చప్పుడు విని సుమ గుమ్మం దాటి పాక్కుంటూ వచ్చింది. అది రోజూ నా దగ్గర చూసే పనే కదా, బకెట్, బండ, నురగ. తడిలోంచే వచ్చి, ఎవరిదో చూడకుండా, దొరికిన చీర కొంగు పట్టుకుని లేచి నిలబడింది. అప్పుడు తలెత్తి చూసింది.

స్వాతి చేతులు నురగలో ఉన్నాయి. ఎత్తుకోలేదు. కదిలితే దాని పట్టు జారుతుందని ఊపిరి కూడా మెల్లగా తీసింది. నా వైపు చూడలేదు. సుమ రెండో చెయ్యి కూడా తెచ్చి స్వాతి మెడ చుట్టూ వేసింది, తడి బట్టతోనే ఒళ్ళో కూర్చుంది.

డ్యూటీకి ఆలస్యమైంది. ఒళ్ళో పిల్లతోనే మిగిలినవన్నీ ఉతికింది. నేను మామిడిచెట్టుకీ కిటికీకీ తాడు కట్టాను. ఎండ వచ్చింది.

మే నెలలో మీ కోసం చూస్తూ ఉంటాం.

మీ అల్లుడు
ఉమేష్